స్కేలమ్మ చదవని పేజీ

విద్యార్థులు ఆమెను ఎదురుగా ఉన్నంతసేపూ మేడమ్ అనేవారు, వరండా దాటగానే స్కేలమ్మ అనేవారు. నాకు మాత్రం అక్క. రక్తసంబంధం ఏమీ లేదు. యూనివర్సిటీ గేటుకి ఎదురుగా నాకొక చిన్న షాపు ఉంది. పరిశోధన విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసి, పేజీలు సర్ది, ప్రింటు తీసి, అట్ట కట్టించి ఇస్తాను. నా చేతిలోంచి వెళ్లిన ప్రతి థీసిస్సూ ఆమె బల్ల మీదకి చేరాల్సిందే. ఇరవై రెండేళ్లుగా నేను పంపడం, ఆమె తిప్పి పంపడం. ఇన్నేళ్లు ఒకరి మీద ఒకరం విసుక్కున్నాక అక్కాతమ్ముళ్లం కాక ఇంకేమవుతాం?

పరీక్షల విభాగంలో వరండా చివరి గది ఆమెది. ఒక కిటికీ, ఒక బల్ల, మూడు ఇనప బీరువాలు, గోడకి ఆనించి కట్టలు కట్టలుగా థీసిస్‌లు. బల్ల మీద ముప్పై సెంటీమీటర్ల స్టీలు స్కేలు, చెక్కిన పెన్సిలు, ఒక స్టాంపు. ఎడమ మార్జిన్ ముప్పై ఎనిమిది మిల్లీమీటర్లు ఉండాలి, ఎందుకంటే అట్ట కుట్టు అటువైపే పడుతుంది. మిగతా మూడు వైపులా ఇరవై ఐదు. ముందు పేజీలకి రోమన్ అంకెలు, మొదటి అధ్యాయం నుంచి మామూలు అంకెలు. ఒక్క తప్పు దొరికిందా, పుస్తకం వెనక్కి. ప్రపంచాన్ని మార్చేసే పరిశోధన చేశామనుకునే మహానుభావులకి పేజీ నంబరు వేయడం రాదు. అది నేను రోజూ చూసే సంగతే. అలాంటివాళ్లంతా ఆమె ముందు చేతులు కట్టుకుని నిలబడేవారు. ఒకసారి ఒక ప్రొఫెసరుగారు తన శిష్యుడి కోసం స్వయంగా వచ్చి నవ్వుతూ కూర్చున్నారట. ఆమె మర్యాదగా నలభై మూడో పేజీ తెరిచి, స్కేలు పెట్టి చూపించి, పుస్తకం ఆయన చేతికే ఇచ్చి పంపిందట. ఆయన పప్పులేమీ ఉడకలేదు.

ఆమెకి ఒక గర్వం ఉండేది. ఇన్ని వేల థీసిస్‌లు చేతిలోంచి పోయినా ఒక్కదానిలో ఒక్క వాక్యం కూడా చదవలేదని. కొత్తలో నేను నమ్మలేక అడిగాను.

"చదివితే కొలవలేం తమ్ముడూ," అంది. "కన్ను మాట వెంట పోయిందంటే అంచు మీద నిలవదు."

ఆ మాట నాకు తెగ నచ్చింది. నేనూ అదే పట్టుకున్నాను. ఈగల మీద రాశారా, ఇనుము మీద రాశారా, నాకేం పట్టింది? అక్షరం సైజు చూస్తాను, మాట చదవను. అలా ఇద్దరం చదవకపోవడమే ఒక పెద్ద పనితనంగా చెప్పుకుంటూ తిరిగాం. ఇప్పుడు తలచుకుంటే నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

సంగతి ముందే చెప్పేస్తాను. ఈ ఏడాది మార్చి నుంచి ఆగస్టు దాకా ఒక థీసిస్ ఆమె బల్ల మీదకి నాలుగుసార్లు వచ్చింది. అది ఆమె ఉండే వీధిలోని బోరు నీళ్ల గురించి రాసిన థీసిస్. అందులో ఆమె ఇల్లు ఉంది. ఆ ఇంట్లో నీళ్లు తాగి ఆమె భర్త కిడ్నీలు పాడైపోతున్నాయి. మొదటి మూడుసార్లూ మా ఇద్దరిలో ఎవరమూ చదవలేదు. నాలుగోసారికి నేను చదివాను.

ఆమె భర్తని నేను బావగారు అంటాను. ప్రింటర్లు, జిరాక్సు మెషీన్లు బాగుచేసే మెకానిక్కు. చేతులకి ఎప్పుడూ నల్లటి ఇంకు పొడి, నోట్లో ఎప్పుడూ ఒక జోకు. "మీ అక్క నా మీసాన్ని కూడా స్కేలు పెట్టి కొలుస్తుందయ్యా, ఎడమవైపు ఎక్కువైతే ఆ పూట భోజనం లేదు," అనేవాడు. అక్క విననట్టే ఉండేది, కానీ నవ్వు ఆపుకోలేక మొహం పక్కకి తిప్పుకునేది. చెడిపోయిన ప్రింటర్లు మోసుకుని నేను ఆ ఇంటికి లెక్కలేనన్నిసార్లు వెళ్లాను. వీధి చివర ఎప్పుడో మూతబడ్డ బ్యాటరీ ఫ్యాక్టరీ, తుప్పు పట్టిన గేటు. అక్కడినుంచి ఎడమవైపు తొమ్మిదో ఇల్లు. ఇంటింటికీ సొంత బోరు. నీళ్లు తేటగా, చల్లగా ఉండేవి. నేనూ అక్కడ ఎన్ని గ్లాసులు తాగానో.

మార్చి మూడో వారంలో ఒక అమ్మాయి వచ్చింది. సన్నగా, గట్టిగా గాలి వీస్తే పడిపోయేలా ఉంది కానీ మాట మాత్రం సూటిగా ఉంది. నాలుగేళ్లు కష్టపడి రాసింది, రెండు వందల పన్నెండు పేజీలు. ప్రింటు తీసిచ్చాను. ఇక్కడ నా తప్పు ఒకటి చెప్పాలి. నా ప్రింటరు రోలరు ఒకవైపు అరిగిపోయి, అచ్చు రెండు మిల్లీమీటర్లు ఎడమకి జరిగి పడుతుంది. మార్చమని బావగారు ఏడాదిగా చెబుతూనే ఉన్నాడు. నేను మార్చకుండా, కంప్యూటర్లో ఎడమ మార్జిన్ నలభై పెట్టేవాణ్ని, కాగితం మీద ముప్పై ఎనిమిది వచ్చేది. ఆ అమ్మాయి థీసిస్‌కి నలభై పెట్టడం మర్చిపోయాను.

అక్క మూడో పేజీకే పట్టేసింది. అమ్మాయి ఆ గది గుమ్మంలో నిలబడి కాళ్లావేళ్లా పడిందట. అర్జెంటు అంటే, అందరిదీ అర్జెంటే అందట అక్క. ఆఖరికి ఆ అమ్మాయి, "మేడమ్, ఇది తాగే నీళ్ల గురించి," అని మొదలుపెట్టబోయిందట.

"దేని గురించైనా మార్జిన్ ఒకటేనమ్మా," అని అక్క పుస్తకం మూసేసింది.

ఈ సంగతి అక్కే ఆ సాయంత్రం నా షాపులో చెప్పి నన్ను నాలుగు తిట్టింది. తప్పు నాదే కనక తలొంచుకుని విన్నాను. రెండు మిల్లీమీటర్లు సరిచేసి మళ్లీ ప్రింటు తీయడం నాకు ఒక పూట పని. కానీ మా యూనివర్సిటీలో ఒక పద్ధతి ఉంది. వెనక్కి వచ్చిన పుస్తకం మళ్లీ అచ్చయితే సర్టిఫికెట్ పేజీ మీద గైడుది, హెడ్డుది, డీనుది మూడు సంతకాలూ కొత్తగా, కొత్త తేదీతో పడాలి. గైడుగారు సెమినార్లకని ఊళ్లు తిరుగుతున్నారు. ఆయన సంతకానికే ఆరు వారాలు పట్టింది.

రెండోసారి మే మొదట్లో వచ్చింది. అనుబంధంలో పన్నెండు పేజీలకి నంబర్లు పడలేదు. వెనక్కి. మళ్లీ మూడు సంతకాలు.

సరిగ్గా ఆ నెలలోనే బావగారి కాళ్లకి వాపు మొదలైంది. చెప్పులు పట్టడం లేదని మొదట నవ్వులాటగానే చెప్పాడు. తర్వాత నడిస్తే ఆయాసం, అన్నం చూస్తే వికారం. దగ్గర్లో ఉన్న డాక్టరు ఎండ వేడి అన్నాడు, రోజుకి మూడు లీటర్లు నీళ్లు తాగమన్నాడు. ఇక అక్క సంగతి తెలిసిందే కదా. మూడు లీటర్ల సీసా ఒకటి కొని, దాని మీద స్కేలు పెట్టి గీతలు గీసింది. పొద్దున పదికి ఈ గీత, మధ్యాహ్నానికి ఈ గీత, సాయంత్రానికి ఖాళీ. తనే ఇంట్లో పంపు కింద పట్టి నింపేది. ఒక్క గీత తగ్గినా ఊరుకునేది కాదు.

"మొండిఘటం తమ్ముడూ. పక్కన కూర్చుని తాగించాల్సొస్తోంది," అని నాతో చెప్పినప్పుడు ఆమె గొంతులో కాస్త తృప్తి కూడా ఉంది. మంచి పని చేస్తున్నావక్కా అన్నాను. నిజంగానే అన్నాను. అప్పుడు ఆ అమ్మాయి ఫైలు నా కంప్యూటర్లోనే, నా మోచేతికి జానెడు దూరంలో ఉంది.

జులై ఆఖర్లో మూడోసారి. ఈసారి వచ్చిన చిక్కు ఒక పెద్ద పట్టిక. ఒక పేజీలో పట్టక, పొడుగాటి కాగితం మీద అచ్చువేసి మడిచి పెట్టాం. మడత పుస్తకం అంచు దాకా వస్తోందని అక్క పట్టుకుంది. అట్ట కట్టాక అంచులు కోస్తారు, ఆ కత్తి కింద మడత తెగి కాగితం రెండు ముక్కలవుతుంది. ఆమె చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. ఆ మడత కాగితాన్ని విప్పి, బల్ల మీద పరిచి, ఈ చివర నుంచి ఆ చివరికి స్కేలు జరుపుతూ కొలిచి, పెన్సిలుతో గీత గీసి మరీ పంపింది. తర్వాత నేను చూశాను. ఆ పెన్సిలు గీత సరిగ్గా ఆమె ఇంటి నంబరు మీదుగా వెళ్లింది.

ఆగస్టు మూడో శనివారం మధ్యాహ్నం పన్నెండుకి గడువు. ఆ లోపల అంగీకరిస్తేనే స్నాతకోత్సవంలో పట్టా. అది తప్పితే ఆ అమ్మాయి రిజిస్ట్రేషనే రద్దు, మళ్లీ మొదటినుంచి శాంపిల్స్ తీయాలి. ఈలోగా బావగారిని పెద్ద ఆసుపత్రికి తీసుకెళ్లారు. బుధవారం రిపోర్టు వచ్చింది. అక్క షాపు మెట్లెక్కి, కుర్చీలో కూర్చోకుండా, గోడకేసి చూస్తూ చెప్పింది. కిడ్నీలు రెండూ సగం పైగా పోయాయట. సుగర్ లేదు, బీపీ లేదు, ఎందుకు పోయాయో అర్థం కావడం లేదట. సోమవారం వచ్చి చేరమన్నారట, తిండీ నీళ్లూ అప్పటిదాకా మామూలుగానే ఉండనిమ్మన్నారట.

"కాళ్లవాపు రాకముందు వచ్చుంటే ఆపేవాళ్లమన్నాడు ఆ డాక్టరు," అంది. "వాపు రాకముందు ఎలా తెలుస్తుంది తమ్ముడూ? ఎవరు చెప్తారు?"



మర్నాడు, గురువారం, ఆ పట్టికని రెండు పేజీలకి విడగొట్టడానికి కూర్చున్నాను. అమ్మాయి దాన్ని బొమ్మగా అతికించింది. విడగొట్టాలంటే మొత్తం నేనే కొత్తగా టైపు చేయాలి. ఇంటి నంబరు, బోరు లోతు, ఏ తేదీన శాంపిల్ తీశారు, నీళ్లలో కాడ్మియం ఎంత ఉంది, ఉండాల్సిన దానికి ఎన్ని రెట్లు. అంకెలు టైపు చేస్తున్నప్పుడు చదవకుండా కుదరదు. ముప్పై ఒక్క ఇళ్లు. పదిహేడో వరుసలో వేళ్లు ఆగిపోయాయి. ఆ నంబరు నేను ఎన్ని ప్రింటర్ల రసీదుల మీద రాశానో నాకే తెలుసు. పదకొండు రెట్లు. వెనక్కి వెళ్లి మొదటి అధ్యాయం తెరిచాను, జీవితంలో మొదటిసారి ఒక థీసిస్ చదివాను. బ్యాటరీ ఫ్యాక్టరీ వదిలిపెట్టిన మడ్డిలోంచి ఈ కాడ్మియం అనే విషలోహం మట్టిలోకి, బోరు నీళ్లలోకి ఇంకింది. రుచి ఉండదు, వాసన ఉండదు. కిడ్నీలని దెబ్బతీస్తుంది, నెమ్మదిగా.

అమ్మాయికి ఫోను చేశాను. ఎవరి ఇల్లో చెప్పలేదు. ఆ వీధివాళ్లకి ఎందుకు చెప్పలేదమ్మా అని మాత్రం అడిగాను.

"మార్చిలోనే చెప్దామనుకున్నానండి," అంది. "మా ల్యాబు కుర్రాళ్లు ఇంటికో సీసా నీళ్లు అడిగి పట్టుకొచ్చారు, ఎందుకో ఆ ఇళ్లవాళ్లకి చెప్పలేదు. స్టాంపు పడేదాకా ఒక్క అంకె బయటికి రాకూడదని గైడుగారు నాతో సంతకం పెట్టించుకున్నారు. స్టాంపు పడిన రోజే ఇంటింటికీ వెళ్తాను. కాగితాలు కూడా రాసి పెట్టుకున్నా."

ఫోను పెట్టేసి లెక్క వేసుకున్నాను. అక్కకి ఇప్పుడే చెప్పానా, ఆమె ఆ పుస్తకాన్ని ఇక ముట్టుకోదు. తన వాళ్లకి సంబంధించిన థీసిస్ తాను పరిశీలించకూడదని రూలు, ఆమె రూలు తప్పదు. ఆ గదిలో స్టాంపు వేసే మనిషి ఇంకొకరు లేరు. శనివారం దాటిపోతుంది, అమ్మాయి నాలుగేళ్లు మట్టిలో కలుస్తాయి, ఆ అంకెలు ఏ బీరువాలోనో పడి ఉంటాయి, మిగతా ముప్పై ఇళ్లకీ ఎవరూ చెప్పరు. రెండు రోజులే కదా అనుకున్నాను. ఇన్నేళ్లు తాగినవాడికి ఇంకో రెండు రోజుల్లో ఏమవుతుందిలే అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. అప్పుడు అది తెలివైన లెక్కలాగే కనిపించింది.

శుక్రవారం పొద్దున బావగారు చేతికర్ర ఊతంతో షాపుకి వచ్చాడు. ఇంట్లో తోచడం లేదట. మొహం ఉబ్బి ఉంది, కళ్ల కింద సంచులు. కుర్చీలో కూలబడి, చంకలోంచి ఆ గీతల సీసా తీసి బల్ల మీద పెట్టాడు. నా ప్రింటరు మూత ఎత్తి చూసి, ఇంకా రోలరు మార్చలేదా అని తిట్టాడు. నా దగ్గర క్యాను నీళ్లున్నాయి, ఒక గ్లాసు వంపి ఇచ్చాను. ఆయన నవ్వాడు.

"నీ నీళ్లు లెక్కలోకి రావయ్యా. మీ అక్క గీత గీతే," అని సీసా ఎత్తాడు.

గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాను. ఒక గుక్క, ఇంకొకటి, ఇంకొకటి. గీతకి సరిగ్గా సమంగా దించి, తల వంచి చూసుకుని మూత పెట్టాడు. చెప్పి ఉండాల్సింది. అక్కకి కాకపోయినా ఆయనకి చెప్పి ఉండాల్సింది, అక్కతో అనొద్దని ఒట్టు వేయించుకుని ఉండాల్సింది. ఆ ఆలోచన ఆయన వెళ్లిపోయాక, మెట్లు దిగుతుంటే కర్ర చప్పుడు విన్నాక వచ్చింది. అప్పుడైనా వెనక పరిగెత్తి చెప్పొచ్చు. చెప్పలేదు. నేనంత పిరికివాణ్నని నాకు ఆ రోజే తెలిసింది.

గైడుగారు ఈసారి ఊళ్లోనే ఉండటంతో శుక్రవారం సాయంత్రానికే మూడు సంతకాలూ పడ్డాయి. శనివారం పదిన్నరకి అమ్మాయిని వెంటబెట్టుకుని ఆ గదికి వెళ్లాను. అక్క సెలవు పెట్టలేదు. గడువు రోజున సెలవు పెట్టే మనిషి కాదు. కళ్లు వాచి ఉన్నాయి కానీ బల్ల మీద అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. మొదటి పేజీ నుంచి మొదలుపెట్టింది. స్కేలు పెట్టడం, చూడటం, పేజీ తిప్పడం. అమ్మాయి గోళ్లు కొరుక్కుంటోంది. నేను గోడగడియారం వైపు చూడకూడదనుకుంటూనే చూసి, మళ్లీ చూశాను. నూట నలభై ఆరో పేజీ దగ్గర అక్క వేగం తగ్గింది. విడగొట్టిన పట్టిక అదే, పక్క పేజీలో మిగతా సగం. స్కేలు ఎడమన పెట్టింది, కుడిన పెట్టింది. వరుసలు రెండు పేజీల్లోనూ సమానంగా కలిశాయా లేదా అని ఒక్కో వరుస మీద వేలు పెట్టి దించుకుంటూ వచ్చింది. పదిహేను, పదహారు, పదిహేడు. వేలు ఆ నంబరు మీద ఆగింది. అక్కడ గీత కాస్త లావుగా పడింది, గోటితో గీకి చూసి, పర్లేదనుకుని కిందికి వెళ్లిపోయింది.

పదకొండు గంటల యాభై నిమిషాలకి స్టాంపు పడింది. రిజిస్టరులో రాసి, రసీదు చించి అమ్మాయికి ఇచ్చింది. ఆ పిల్ల రసీదు పట్టుకుని ఏడ్చేసింది.

నేను పుస్తకం అక్క వైపు తిప్పి, ఆ పేజీ తెరిచి పెట్టాను. ఈ ఒక్కటీ చదువక్కా అన్నాను. తాను చదవనని నాకు తెలుసు కదా అంది. తెలుసు, ఈ ఒక్కటీ చదువు అన్నాను. నా మొహం చూసి ఆమె పుస్తకం దగ్గరికి లాక్కుంది. పైన ఉన్న వాక్యం చదివింది, వీధి వర్ణన చదివింది, బ్యాటరీ ఫ్యాక్టరీ మాట దగ్గర ఆగింది, వరుసల వెంట కిందికి వచ్చింది. పక్క పేజీలోకి వెళ్లి పదకొండు అనే అంకె చూసింది. మళ్లీ వెనక్కి వచ్చి ఇంటి నంబరు చూసింది. అప్పుడు గానీ అమ్మాయికి అర్థం కాలేదు. చేతిలో రసీదుతో అలాగే బిగుసుకుపోయింది.

అక్క ఫోను తీసి ఇంటికి చేసింది. ఆ నీళ్లు ఇక ముట్టుకోవద్దు, పారబోసెయ్యండి, ఎందుకో వచ్చి చెబుతాను అంది. అవతల ఆయన ఏదో జోకు వేసినట్టున్నాడు. ఆమె ఊఁ కొట్టి పెట్టేసింది. నేను గురువారమే చూశానని, రెండు రోజులు దాచానని చెప్పాను. తిడుతుందనుకున్నాను, కొట్టినా బాగుండుననుకున్నాను. ఆమె నా వైపు చూడనే లేదు.

"నువ్వు దీన్ని మొదటిసారి ఎప్పుడు తెచ్చావమ్మా?" అని అమ్మాయిని అడిగింది.

అమ్మాయి నా వైపు చూసింది. నేనే కల్పించుకుని, అవన్నీ ఇప్పుడెందుకక్కా, ముందు ఇంటికి పద అన్నాను. ఆమె కాదని తల ఊపింది. రిజిస్టరు తెరవలేదు, ఆమెకి ఏ పుస్తకం ఎప్పుడు వచ్చిందో చూడాల్సిన అవసరం ఎప్పుడూ లేదు.

"మార్చి పందొమ్మిది," అంది. "ఎడమవైపు రెండు మిల్లీమీటర్లు తక్కువుందని వెనక్కి పంపాను. అప్పటికి ఆయన కాళ్లకి ఇంకా వాపు రాలేదు."